దిద్దుబాటు వేరు, మార్పు వేరు

2025వ సంవత్సరము ఆగస్టు నెల ద్వితీయార్ధములో మన దేశమంతట సెల్‌ఫోను వాడువారికి ఒక వింత అనుభవము కలిగినది. రాత్రి పడుకొనబోవునప్పుడు చూచిన ఫోను తెల్లవారి చూచునప్పటికి వేరుగా ఉన్నది. నంబరు కొట్టు అంకెల పలక మునుపున్న చోట లేదు. ఇష్టుల పేర్లు ఒక పుటలోను, ఇటీవలి కాల్స్ మరియొక పుటలోను ఉండెడివి. ఆ రెండును ‘హోమ్’ అను ఒకే పుటలో కలిసిపోయినవి. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, వచ్చిన కాల్‌ను ఎత్తు పద్ధతియే మారినది. అంతవరకు వ్రేలితో పైకి తోసి ఎత్తుచుండిరి. ఇప్పుడు ప్రక్కకు తోయవలెను, లేదా ఒక బొత్తామును తాకవలెను.

ఈ మార్పును ఎవరును కోరలేదు, ఎవరును అంగీకారము తెలుపలేదు. అందుచేత మొదట కలిగినది కోపము కాదు, భయము. ఫోనులో దొంగలెవరైన చొరబడినారేమో అని కొందరు కలవరపడిరి. తాము తెలియక ఏదో మీట నొక్కితిమేమో అని కొందరు తమ్మును తామే నిందించుకొనిరి. తనకు జరిగినదే ఇరుగుపొరుగు వారికిని జరిగినదని తెలిసిన పిమ్మటనే భయము పోయి కోపము వచ్చినది. పత్రికలును, టెలివిజనును ఈ సంగతిని పెద్దగా చెప్పినవి. పాతరూపమును తిరిగి తెచ్చుకొను ఉపాయమును జనులు ఒకరికొకరు నేర్పుకొనిరి.

జరిగినదేమో ముందు తెలిసికొందము. స్మార్ట్‌ఫోనులో రెండంతస్తుల పని ఉన్నది. క్రింది అంతస్తు ఆపరేటింగ్ సిస్టమ్, అనగా పరికరము నంతటిని నడుపు మూలవ్యవస్థ. మన ప్రాంతములో ఎక్కువమంది చేతులలో ఉన్నది గూగుల్ సంస్థవారి ఆండ్రాయిడ్. కొందరి చేతులలో ఆపిల్ సంస్థవారి ఐ.ఓ.ఎస్. పై అంతస్తులో యాప్‌లు ఉండును. మాట్లాడుటకు ఒకటి, సందేశములకు ఒకటి, డబ్బు పంపుటకు ఒకటి. గూగుల్‌వారు 2025 మే నెలలో ఆండ్రాయిడ్ కొరకు ఒక కొత్త రూపకల్పనను ప్రకటించి, దానికి ‘మెటీరియల్ త్రీ ఎక్స్‌ప్రెసివ్’ అని పేరుపెట్టిరి. జూన్ 10వ తేదీన ఆండ్రాయిడ్ 16 విడుదలయ్యెను. ఆగస్టులో ఆ కొత్తరూపము గూగుల్‌వారి ఫోన్ యాప్‌కు వచ్చినది. ఆ యాప్‌తో నడచు పరికరములన్నిటికిని, ఏ కంపెనీ తయారుచేసినవైనను, క్రమముగా ఈ మార్పు చేరినది. మూలవ్యవస్థ మారకున్నను మాట్లాడు యాప్ మారుటచేత, వాడువారికి ఫోనంతయు మారినట్లే తోచినది. అది సహజమే. మన పెద్దలలో అనేకులకు ఫోననగా కాల్ ఎత్తుట, కాల్ చేయుట, అంతియే.

ఇది పట్టణములలోని విలాసవస్తువు సంగతియని కొందరు తలపవచ్చును. కాని ఈ మార్పు బరువు తెలియవలెనన్న మన కర్నూలు, కడప సీమలకు రావలెను. కర్నూలు పడమటి మండలములైన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం గ్రామములనుండి వాన లేని ఏడు కుటుంబములకు కుటుంబములే గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడపు పనులకును వలసపోవుట మనమెరిగినదే. కడప ప్రాంతమునుండి కువైటునకు పోయి పనిచేయువారు ఎందరో కలరు. వీరందరి ఇండ్లలోను ముసలివారును, పసిపిల్లలును మిగులుదురు. ఆ ఇంటికిని, దూరమందున్న కొడుకునకును నడుమ ఉన్న వంతెన ఒక్క ఫోనే.

అట్టి ఇంటిలో ఒక అవ్వను ఊహించుకొందము. ఆమెకు అక్షరములు రావు. ఫోను మ్రోగినప్పుడు పచ్చని గుర్తుమీద వ్రేలుపెట్టి పైకి తోయవలెనని మనుమడు నేర్పినాడు. పదిరోజులు నేర్చి, ఆమె ఆ పనిని చేతికి అలవరచుకొన్నది. ఒక సాయంకాలము బెంగుళూరునుండి కొడుకు ఫోను చేసినాడు. అవ్వ పైకి తోసినది. ఫోను మ్రోగుచునే ఉన్నది. మరల తోసినది, మ్రోగి మ్రోగి ఆగిపోయినది. ఆవల కొడుకు, అమ్మకు ఏమైనదో అని గుండె చేతబట్టుకొని ప్రక్కింటివారికి ఫోను చేసినాడు. వారు పరుగున వచ్చి చూడగా, అవ్వ అరుగుమీద ఫోను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. “ఎత్తేకి రాలేదు నాయనా” అన్నది. ఆమెకు నేర్చుకొను శక్తి లేదందుమా? లేకేమి, ఆమె నేర్చుకొన్నది. నేర్చుకొన్నదానిని ఆమెకు చెప్పకయే రద్దుచేసినారు.

“ఒక వారము వాడినచో అదియే అలవాటగును, పల్లెలవారికి ప్రతి కొత్తదియు కష్టముగనే తోచును” అని కొందరు తేలికగా అందురు. ఈ మాట సరికాదు. అలవాటనునది సోమరితనము కాదు. చేతికి వచ్చిన విద్య. కుమ్మరి సారెమీద చేయి వేయునప్పుడు, సాలెవాడు నాడె విసరునప్పుడు ఆలోచించి చేయడు. చేయి తనంత తానే పోవును. మనకు తెలియకుండ మన చేతివిద్యను ఇంకొకరు పనికిరానిదిగా చేసినచో, మనము పోగొట్టుకొన్నది ఒక వారము మాత్రమే కాదు; ఆ పనిముట్టు మనదను నమ్మకమును పోగొట్టుకొందుము.

మన ప్రజలు మార్పును ఓర్వలేరనుటయు చరిత్రకు విరుద్ధము. 1957 ఏప్రిల్ 1వ తేదీన ఈ దేశములో దశాంశ నాణెములు వచ్చినవి. పదునారు అణాల రూపాయి నూరు నయాపైసల రూపాయి అయినది. ఇంతకంటె పెద్ద మార్పేమి కలదు? అణాకు ఆరుంబాతిక పైసలు; ఆ పాతిక లెక్క తెగక సంతలో చిల్లర ఇచ్చునప్పుడు తగవులు వచ్చుట సహజము. అయినను జాతి అంతయు ఆ కొత్త లెక్కను నేర్చినది. ఏలయన, చట్టము 1955లోనే వచ్చినది. మార్పుదినము ముందుగా ప్రకటింపబడినది. ఏ అణాకు ఎన్ని పైసలో తెలుపు పట్టికలు అచ్చువేయబడినవి. పాత నాణెములును, కొత్త నాణెములును కొంతకాలము కలిసి చెలామణి అయినవి. చివరకు 1964 జూన్‌లో ‘నయా’ అను మాటయే రాలిపోయి పైస పైసగా నిలిచినది. ముందు చెప్పి, గడువిచ్చి, పాతదానిని కొంతకాలము ఉండనిచ్చి మార్చినచో మన జనులు దేనినైనను నేర్వగలరు. ఆగస్టు మార్పులో లోపించినవి ఈ మూడే.

ఇంతవరకు ఒక ప్రక్క చెప్పితిని. రెండవ ప్రక్క చెప్పనిచో అన్యాయమగును. మార్పు ఇట్లు వచ్చునని భయపడి అప్‌డేట్‌లనే మానివేసినచో ఏమగును? దీనికి మన తెలుగు అక్షరమే సాక్ష్యము చెప్పగలదు.

2018 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలలో మన భాష పేరు అకస్మాత్తుగా వినబడినది. కాని కీర్తివలన కాదు. మన ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరమును, కంటికి కనబడని ఒక విరామసంకేతముతో కలిపి పంపినచో, దానిని చూపబోయి ఐఫోనులోని యాప్ కుప్పకూలుచుండెను. సందేశముల యాప్, వాట్సాప్, జీమెయిల్ మొదలగువానిలో ఆ ఒక్క అక్షరము వచ్చినచో ఆ యాప్ మరల తెరచుకొనదు. ఐ.ఓ.ఎస్. 11లో ఈ లోపము ఉండెను. కొందరు ఆకతాయిలు ఆ అక్షరమును ఇతరుల ఫోనులకు పంపి వినోదించిరి. ప్రపంచమంతట దానిని ‘తెలుగు అక్షరపు లోపము’ అని పిలిచిరి. జ్ఞానమను మాటకు మొదటి అక్షరము యంత్రమునకు అజ్ఞానము కలిగించినదని మనవారు నవ్వుకొనిరి. ఆ నవ్వులో కొంత నొప్పియు ఉండెను. తప్పు అక్షరమునది కాదు. మన లిపిలో హల్లు క్రింద హల్లు చేరి, వానిపై అచ్చుగుర్తు నిలుచు తీరును ఆ మూలవ్యవస్థ అన్ని సందర్భములలోను సరిగా సంబాళింపలేకపోయినది.

ఆ లోపమును ఎట్లు మాన్పిరి? మరియొక అప్‌డేట్ ద్వారానే. 2018 ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్‌వారు ఐ.ఓ.ఎస్. 11.2.6 విడుదలచేసి దానిని సరిచేసిరి. సంగతి బయటపడిన కొద్దిదినములలోనే మందు వచ్చినది. ఆ మందును తీసికొన్నవారి ఫోను బాగుపడినది. “నాకు అప్‌డేట్ వద్దు” అని కూర్చున్నవారి ఫోను ఆకతాయిల చేతిలో ఆటవస్తువై మిగిలినది.

ఇట్టి లోపములు అక్షరములలోనే కాదు, డబ్బుకు సంబంధించిన చోట్లను ఉండును. ఆండ్రాయిడ్‌లోని భద్రతాలోపములను సరిచేయు అప్‌డేట్‌లను గూగుల్‌వారు 2015 ఆగస్టునుండి నెలనెలకు ప్రకటించుచున్నారు. ఈనాడు కర్నూలు ఉల్లిగడ్డల వ్యాపారియు, కడప వీధిలో పండ్లబండి పెట్టుకొన్నవాడును ఫోనులోనే డబ్బు తీసికొనుచున్నారు. పి.ఎం. కిసాన్ పేరుతోను, రవాణాశాఖ చలానా పేరుతోను వాట్సాప్‌లో నకిలీ యాప్ ఫైళ్లు పంపి జనుల ఖాతాలు ఖాళీచేయు మోసములనుగురించి పోలీసులు పలుమార్లు హెచ్చరించియున్నారు. భద్రతా దిద్దుబాటులు లేని ఫోను, గొళ్లెము ఊడిన తలుపువంటిది.

ఇప్పుడు చిక్కు ఎక్కడ ఉన్నదో తేటపడుచున్నది. అప్‌డేట్ అను ఒక్క మాటలో రెండు వేరు పనులు దాగియున్నవి. ఒకటి దిద్దుబాటు, రెండవది మార్పు. మన కర్నూలు–కడప కాలువను తలచుకొనుడు. పందొమ్మిదవ శతాబ్దములో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించగా, 1882లో ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న కాలువ అది. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడపవరకు వచ్చును. ఆ కాలువలో పూడిక తీయవలెను, గండ్లు పూడ్చవలెను, తూములు బాగుచేయవలెను. దానిని ఏ రైతును కాదనడు. కాని పూడిక తీయుట వేరు, కాలువ దారి మార్చుట వేరు. దారి మార్చవలెనన్న ఆయకట్టు రైతును అడుగవలెను. పూడిక తీసెదమని చెప్పి వచ్చి, తెల్లవారునప్పటికి కాలువను మరియొక చేనిప్రక్కకు త్రిప్పినచో రైతు ఊరకుండునా? ఊరకుండడు. అంతేకాదు, మరుసటి ఏడు పూడిక తీయుటకు వచ్చినవారినిగూడ చేను తొక్కనీయడు. ఫోనుల విషయములో జరుగుచున్నది ఇదియే. కోరని మార్పులతో విసిగినవారు, కావలసిన దిద్దుబాటులనుగూడ కాదనుచున్నారు. ఆగస్టులో పాతరూపము కొరకు జనులు కనిపెట్టిన ఉపాయము, ఫోన్ యాప్‌కు వచ్చిన అప్‌డేట్‌లన్నిటిని ఒక్కసారిగా తొలగించుట. పాతరూపము వచ్చినది, కాని ఆ యాప్‌లో అంతవరకు జరిగిన దిద్దుబాటులుగూడ దానితోనే పోయినవి. వారికి వేరొక దారి సులభముగా కనబడలేదు.

ఈ రెండింటిని విడదీయుట సాధ్యము కాదందురా? సాధ్యమే. 2021లో ఐ.ఓ.ఎస్. 15 వచ్చినప్పుడు, ఆపిల్‌వారు కొంతకాలము పాత 14వ వ్యవస్థలోనే ఉండి భద్రతా దిద్దుబాటులను మాత్రము పొందు వీలును కల్పించిరి. అది ఎక్కువకాలము సాగలేదు; కాని సాధ్యమని రుజువైనది. 2025 సెప్టెంబరు 15వ తేదీన ఐ.ఓ.ఎస్. 26 విడుదలయ్యెను. గాజువలె ఆవలిది కనిపించు కొత్తరూపము దానికి కల్పింపబడినది. చూచుటకు అందముగా ఉన్నను, అక్షరములు వెనుకనున్న బొమ్మలో కలిసిపోయి చదువుటకు కష్టముగా ఉన్నవని అనేకులు మొరపెట్టిరి. ఆ మొర వ్యర్థము కాలేదు. నవంబరు 3వ తేదీన వచ్చిన 26.1లో ఆ గాజుతనమును తగ్గించుకొను ఏర్పాటు ఇచ్చిరి. గూగుల్‌వారి ఫోన్ యాప్‌లోను, కాల్‌ను ప్రక్కకు తోసి ఎత్తవలెనో, తాకి ఎత్తవలెనో వాడువారే నిర్ణయించుకొను వీలు సెట్టింగ్స్‌లో ఉన్నది. కాని అది ఉన్నదని చెప్పువారు లేరు. తలుపు పెట్టి, తాళపుచెవి ఎక్కడ ఉంచినారో చెప్పనట్లున్నది.

ఇంకొక తెగ వాడుకరులనుగురించి చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. అప్‌డేట్ వచ్చినదని బాధపడువారు కొందరైతే, ఇక ఎన్నటికిని రాదని బాధపడవలసినవారు కొందరు. పాత ఫోనులకు కొంతకాలము తరువాత కొత్త వ్యవస్థలు రావు. పిమ్మట యాప్‌లును వానిని విడిచిపెట్టును. 2025 జనవరి 1వ తేదీనుండి ఆండ్రాయిడ్ 4.4 మీదను, అంతకు పాతవానిమీదను నడచు ఫోనులలో వాట్సాప్ పనిచేయుట ఆగినది. అదే నెల 30వ తేదీన మన రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ అను పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించినది. సేవలు ఇంటికి వచ్చుట మెచ్చదగినదే. కాని ఒకే నెలలో, మొదటిదినమున ఒక పేదవాని ఫోనుకు తలుపు మూసికొన్నది; చివరి వారమున ప్రభుత్వము ఆ తలుపులోనుండియే కొత్త సేవలు తెచ్చినది. 2023 జనవరి 1నుండి ఉపాధి హామీ పనులలో హాజరును ఫోను యాప్‌లో ఫొటోతో నమోదుచేయుట తప్పనిసరి చేసినప్పుడును, మేటు చేతిలోని ఫోను బాగోగులమీద కూలీల దినకూలి ఆధారపడినది. ఎండలో గుంట త్రవ్వినవాని చెమట నిజమే. కాని ఫోను ఒప్పుకొన్నగాని అది లెక్కకు రాదు.

అందుచేత అడుగవలసినవి అడుగుదము. కంపెనీలను మనము కోరవలసినవి నాలుగు. దిద్దుబాటును, మార్పును వేరువేరుగా పంపుడు. రూపము మార్చునప్పుడు ముందుగా, మా భాషలో, చిన్నమాటలలో చెప్పుడు. కొంతకాలము పాతరూపము ఉంచుకొను వీలు ఇండు. కాల్ ఎత్తుట, అత్యవసర నంబరుకు చేయుట వంటి ప్రాణావసరమైన పనులను అందముకొరకు ముట్టకుడు. ప్రభుత్వమును కోరవలసినది ఒకటి. ఏ సేవనైనను ఫోనుతో ముడివేయునప్పుడు, పాత ఫోను ఉన్నవానికిని, ఫోను లేనివానికిని సచివాలయములో మనిషి ఎదుట నిలిచి పని చేయించుకొను దారిని మూయరాదు.

మనము చేసికొనవలసినదియు కొంత కలదు. భద్రతా అప్‌డేట్‌ను మానరాదు. దానిని ఫోనులోని సెట్టింగ్స్‌నుండియు, యాప్‌లను ప్లే స్టోర్‌నుండియు మాత్రమే తీసికొనవలెను. అప్‌డేట్ అని ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలును తాకరాదు. ఫోను ఒక్కసారిగా మారినట్లు తోచినచో బెదరి ఎవరికో అప్పగింపక, తెలిసినవారిని అడుగవలెను. ఇక చదువుకొన్న యువకులకు ఒక మాట. ఉగాదికో, పీర్ల పండుగకో ఊరికి వచ్చినప్పుడు, అవ్వ ఫోనును చేతిలోనుండి లాగికొని “నేను సరిచేసితినిలే” అని తిరిగి ఇచ్చివేయకుడు. ఆమె ప్రక్కన కూర్చుండి, మీ ఫోనునుండి ఆమెకు పదిసార్లు కాల్ చేయుడు. పదిసార్లును ఆమెచేతనే ఎత్తించుడు. తాకి ఎత్తు పద్ధతి ఆమెకు సులభమైనచో సెట్టింగ్స్‌లో దానినే పెట్టుడు. అప్పుడు మీరు మరల పనికి పోయి, ఒక సాయంకాలము ఫోను చేసినప్పుడు, ఆవలినుండి ఆ గొంతు వినబడును.